పెన్నేరు గడ్డ పండించాను: అసలు పని తవ్వాకే మొదలైంది

అశ్వగంధ, అంటే మా వైపు పెన్నేరు, వేశానని నలుగురికీ తెలిసినప్పటి నుంచీ నాకు రెండు రకాల ఫోన్లు వస్తున్నాయి. కొందరు "ఎకరాకు ఎంత మిగుల్తుంది?" అంటారు. ఇంకొందరు "మా ఆయనకు నిద్ర పట్టడం లేదు, షుగర్ కూడా ఉంది, పొడి ఎంత వాడమంటావు?" అంటారు. పంట గురించి అడిగేవాళ్లకు మందు సంగతి పట్టదు. మందు గురించి అడిగేవాళ్లకు అది ఏ నేలలోంచి, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో పట్టదు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉందని నాకు కళ్లంలో కూర్చున్నాక అర్థమైంది. అందుకే సాగు గురించి కొంచెం రాసి, తవ్విన తర్వాతి పని గురించి ఎక్కువ రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు మెట్ట ఊరు. ఎర్రనేలలు. తాతల నాటి నుంచీ వేరుశనగే. జిల్లాలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా వేళకు రాదు. ఊడలు దిగేటప్పుడు ముఖం చాటేసి, కాయ పీకి వామి వేసేటప్పుడు కుండపోతగా దిగుతుంది. విత్తనకాయలకు, కూలీలకు అప్పు చేసి పెట్టాక చాలా ఏళ్లు చేతికి వచ్చింది పశువులకు వేసే కట్టె మాత్రమే.

పెన్నేరు మాకు కొత్త మొక్క కాదు. గట్ల మీద, పాడుబడ్డ దొడ్లలో, రోడ్డు పక్కన తనంతట తానే మొలుస్తుంది. నడుం ఎత్తు పెరిగే గుబురు, ఆకుల మీద బూడిదరంగు నూగు, ఆకు మొదట్లో పల్చటి పొరలో దాక్కున్న చిన్న కాయ. పండితే లోపల ఎర్రగా కనిపిస్తుంది. మా అవ్వకు దీని వాడకం బాగా తెలుసు. జ్వరం వచ్చి తగ్గాక నీరసపడ్డవాళ్లకు, ముసలితనంలో కీళ్లు పీకేవాళ్లకు, రాత్రంతా అటూ ఇటూ దొర్లేవాళ్లకు గడ్డ పొడి ఇచ్చేది. గడ్డను ముక్కలు కోసి పాలల్లో ఉడికించి, ఆ పాలు పారబోసి, ముక్కల్ని నీడలో ఆరబెట్టి, రోట్లో దంచి, పాత నూలుచీర ముక్కలో జల్లించేది. రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చటి పాలల్లో, కాస్త పటికబెల్లంతో. మూడు వేళ్లకు ఎంత వస్తే అంతే మోతాదు.

ఆకును మాత్రం లోపలికి ఎప్పుడూ ఇవ్వలేదు. దానికి ఆముదం రాసి, వెచ్చచేసి, సెగ్గడ్డల మీద, వాపుల మీద కట్టేది. కడుపుతో ఉన్న ఆడపిల్లను ఆ పొడి డబ్బా దగ్గరికి రానిచ్చేది కాదు. ఎందుకవ్వా అంటే "వద్దంటే వద్దు" అనేది. ఇంకో మాట ఉండేది కాదు.

ఆయుర్వేదం కూడా దీన్ని బలానికే ఎక్కువ చెప్పింది. చరక సంహితలో బలం ఇచ్చే మూలికల గణంలోనూ, ఒళ్లు పట్టించే మూలికల గణంలోనూ అశ్వగంధ పేరు ఉంటుంది. ఆయుర్వేద అంగడిలో ఈరోజుకీ దొరికే అశ్వగంధారిష్టం, లేహ్యం, చూర్ణం అన్నీ ఆ దారిలోవే. కాబట్టి మందు మీద నమ్మకం ఇంట్లో ముందే ఉంది. పంటగా వేయొచ్చన్న ధైర్యమే తర్వాత వచ్చింది. జిల్లాలో అక్కడక్కడా కొందరు వేరుశనగ బదులు ఇది వేస్తున్నారని విని, ఒకాయన చేను చూసి వచ్చాను.

"ఏమప్పా, గట్టు మీద పీకి పారేసే చెట్టుకు చేను రాసిస్తావా?" అన్నాడు మా చిన్నాయన. ఆయన మాటలో న్యాయం ఉంది. గట్టు మీద ఏళ్ల తరబడి బతికే మొక్క వేరు మాను కట్టి, నార తేలి ఉంటుంది. వ్యాపారికి అది అక్కర్లేదు. ఏడాది లోపు పెరిగి, లోపల పిండి పట్టి, విరిస్తే ఫట్‌మని విరిగే వేరు కావాలి. రాజస్థాన్ నాగౌర్ వైపు గడ్డను 'నాగౌరీ' అంటారు, దానికి మంచి పేరు రావడానికి కారణం ఆ పిండే. అలాంటి వేరు కోసమే పరిశోధన కేంద్రాలు రకాలు తయారుచేశాయి. లక్నోలో ఉన్న సీమ్యాప్ అనే ఔషధ మొక్కల పరిశోధన సంస్థ పోషిత, రక్షిత లాంటివి ఇచ్చింది. దాని పరిశోధన కేంద్రం ఒకటి హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉంది. మధ్యప్రదేశ్ వైపు జవహర్ అశ్వగంధ-20, 134 రకాలు నడుస్తాయి. నేను పోషిత వేశాను.

విత్తనం చేతిలో పోసుకుంటే మొదట భయమేసింది. వెయ్యి గింజలు తూచితే రెండు గ్రాములు. అంటే కిలోలో ఐదు లక్షల గింజలు. వెదజల్లితే ఎకరాకు నాలుగైదు కిలోలు పడుతుంది. వేరుశనగ విత్తనకాయలు బస్తాలకు బస్తాలు మోసిన ఇంట్లో ఈ విత్తనం ఒక చిన్న సంచిలో వచ్చింది. అమ్మ సంచిని అటూ ఇటూ తిప్పి చూసి "ఇంతేనా?" అంది.

ఇంత సన్న గింజకు లోతు పనికిరాదు. సన్న ఇసుకతో కలిపి, చేను చదును చేసి, సాళ్లలో పైపైన పోసి, వేపమండతో మట్టి అలా అలా కప్పించాను. లోతుగా పడితే మొలక పైకి రాదు. పైన ఉండిపోతే చీమలు మోసుకుపోతాయి. విత్తే ముందు ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లను అడ్డుకునే మేలు చేసే బూజు) పొడి పట్టించాను, ఎందుకంటే లేత మొలకలు మొదలు కుళ్లి పడిపోవడమే దీనికున్న పెద్ద తెగులు. ఇంకో సంగతి, విత్తనం ఆ ముందటి పంటదే అయి ఉండాలి. పాతబడే కొద్దీ మొలక శాతం పడిపోతుంది. విత్తనం అమ్మేవాడు చెప్పే మాట కంటే తడిగుడ్డలో వంద గింజలు చుట్టి చూసుకోవడం నయం.

అదను విషయంలో ఇది మా నేలలకు బాగా కుదిరింది. జోరు వానల్లో వేస్తే మొలక కుళ్లుతుంది. జూలై చివర నుంచి ఆగస్టు దాటే లోపు, చేనులో పదును ఉండి జోరు వాన లేనప్పుడు వేయాలి. వేరుశనగకు అదను దాటిపోయి బీడు పెట్టాల్సిన చేనుకు కూడా దీనితో ఆశ ఉంటుంది. నీరు నిలవని నేల ఉండాలి, అంతే. నల్లరేగడిలో వేస్తానన్న ఒక స్నేహితుణ్ణి నేనే వద్దన్నాను. అక్కడ పెరగకపోవడం ఒక సమస్య, పెరిగిన వేరును ఆ మట్టిలోంచి తెగకుండా తీయడం ఇంకో సమస్య.

మొలిచిన నెలకు పలచన చేయాలి. మొక్కకూ మొక్కకూ నాలుగైదు వేళ్ల ఎడం, సాలుకూ సాలుకూ అడుగు లోపు. ఆ మిగతా మొక్కలన్నీ పీకేయాలి. బాగా మొలిచిన పైరును చేతులారా పీకడం మా ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు. పీకకపోతే వేరు పెన్సిల్ మందం కూడా రాదని చెప్పి పీకించాను. కలుపు రెండు సార్లు తీయించాం. పశువుల ఎరువు దుక్కిలోనే వేసేశాం, యూరియా దగ్గరికి పోలేదు. యూరియా వేస్తే పైన ఆకు కళకళలాడుతుంది, కింద వేరు చిక్కిపోతుంది. నీళ్లు కూడా అంతే. బోరు ఉంది కదా అని తడులు ఇచ్చేవాళ్లు దీని జోలికి రాకపోవడం మంచిది.

అక్షింతల పురుగు ఒక్కటే కొంచెం టెన్షన్ పెట్టింది. వంగతోటలో చూసే ఉంటారు, నారింజరంగు రెక్కల మీద నల్ల చుక్కలు. అశ్వగంధ కూడా వంకాయ కుటుంబం మొక్కే కాబట్టి ఆ పురుగుకు ఇది సొంత ఇల్లు. పసుపుపచ్చ ముళ్ల పిల్లపురుగులు ఆకు అడుగున చేరి పచ్చదనం గోకి తింటే ఈనెలు మాత్రం జల్లెడలా మిగుల్తాయి. పొద్దున్నే చేతులతో ఏరించి, వేపనూనె సబ్బునీళ్లలో కలిపి కొట్టించాం. పురుగుమందుల అంగడి అతను వేరే డబ్బా చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. ఇది ఉడికించి వార్చుకునే కూర కాదు. వేరును ఎండబెట్టి, దంచి, నేరుగా నోట్లో వేసుకుంటారు. కొట్టిన మందు ఎక్కడికి పోతుంది? ఎగుమతి చేసే కంపెనీలు ఇప్పుడు పురుగుమందుల అవశేషాలు పరీక్ష చేయించుకునే కొంటున్నాయి కూడా.

ఇంతవరకూ సాగు. నిజం చెప్పాలంటే వేరుశనగ పండించినవాడికి ఇందులో కష్టమేమీ లేదు.

జనవరి దాటాక కింది ఆకు పసుపు తిరిగి రాలడం మొదలైంది, కాయలు ఎరుపెక్కాయి. విత్తిన దగ్గర నుంచి 150 నుంచి 180 రోజుల మధ్య గడ్డ తయారవుతుందని లెక్క. కానీ లెక్కను నమ్ముకుని తవ్వేది కాదు. చేనులో నాలుగు మూలలా ఒక్కో మొక్క పీకి వేరును విరిచి చూడాలి. వంగితే ఇంకా పచ్చిది. చప్పుడు చేస్తూ విరిగి లోపల తెల్లగా, పొడిపొడిగా కనిపిస్తే సరిగ్గా పదును. విరిచిన చోట నార పోగులు వేలాడితే ముదిరిపోయింది, అప్పటికే కొంత ధర పోయినట్టు.

తవ్వేముందు చేనుకు ఒక పల్చటి తడి ఇచ్చాం. మా ఎర్రనేల ఎండితే రాయి. ఆ రాయిలోంచి లాగితే వేరు సగంలో తెగి, ఖరీదైన మెత్తటి భాగం నేలలోనే ఉండిపోతుంది. తడి ఆరి మట్టి పొడిపొడిగా రాలే దశలో నాగలితో సాలు పక్కన తిప్పించి, వెనకే కూలీలు మొక్కను మొదలు పట్టుకుని నిలువునా లాగారు. పక్కకు వంచి లాగితే తెగుతుంది. వేరు జానెడు నుంచి మూరెడు దాకా నిటారుగా దిగి ఉంటుంది. పైకి రాగానే ఒక వాసన వస్తుంది. చాలాసేపు పరిగెత్తిన గుర్రం ఒంటి మీది చెమట వాసన అంటారు, నిజంగానే అలాగే ఉంటుంది. ఆ రాత్రి మా వసారాలో ఎవరూ పడుకోలేదు.

ఇక్కడి నుంచి అసలు పని. పీకిన మొక్కను ఆరోజే చూసుకోవాలి. కుప్ప వేసి తెల్లారి చూద్దాంలే అంటే లోపల వేడి పుట్టి బూజు పడుతుంది. ముందుగా కాండాన్ని గడ్డ నుంచి విడదీయాలి. ఎక్కడ కోయాలన్నది చాలా ముఖ్యం. కాండం మొదలు ఒక వేలెడు గడ్డతో ఉంచేస్తే తూకం పెరుగుతుంది, చూడ్డానికి గడ్డలాగే ఉంటుంది, చాలామంది అలాగే ఉంచుతారు కూడా. కొనేవాడికి అది తెలుసు, తరుగు కింద అంతకంటే ఎక్కువే కొట్టేస్తాడు. మందు లెక్కన చూసినా కాండం ఎందుకూ కొరగాదు. బజారులో అశ్వగంధ పొడిలో కల్తీ అంటే ముందు వచ్చే మాట ఈ కాండం, ఆకు పొడే. కల్తీ ఫ్యాక్టరీలోనే జరుగుతుందని అనుకునేవాణ్ణి. కత్తి రెండు వేళ్లు పైకి పడినా చాలని మా కళ్లంలో చూశాను.

మట్టి పోవడానికి గబగబా ఒక కడుగు కడిగి నీళ్లు వార్చేయాలి. నానబెట్టకూడదు. తర్వాత వేరును ముక్కలుగా కోయాలి. తల్లివేరు విడిగా, పక్కల సన్నవేళ్లు విడిగా. ముక్కలు నాలుగు వేళ్ల పొడవు మించకుండా కోశాం. ఎండ బాగా ఉన్న చోట పట్టలు పరిచి పల్చగా పోసి, పూటకోసారి తిరగేశాం. సాయంత్రం మంచు పడకముందే కప్పేయాలి. మాఘమాసం మంచు మా వైపు తక్కువే గానీ ఒక్క రాత్రి తడిసినా వేరు రంగు మారిపోతుంది. తేమ పది, పన్నెండు శాతానికి వచ్చేదాకా ఎండాలి. మా దగ్గర తేమ చూసే మీటరు లేదు. కూలి ముఠాలో ఒక పెద్దావిడ ఉంది, పెద్దమ్మా అని పిలుస్తాను. ఆమె గుప్పెడు ముక్కలు తీసి రెండు చేతుల మధ్య కదిలించి వినేది. మెత్తగా చప్పుడైతే "ఇంకా నీళ్లున్నాయి నాయనా" అని తిరిగి పోసేది. గలగలమంటే ఎండినట్టు. తర్వాత బయట మీటరు పెట్టి చూసినప్పుడు ఆమె ఎత్తిన బస్తాలేవీ తేమ దగ్గర తిరిగి రాలేదు.

ఎండాక కర్రతో తేలిగ్గా కొట్టి, మిగిలిన మట్టి, పీచు రాలగొట్టి, చేటల్లో చెరిగారు. ఆ తర్వాత ఏరుడు. అశ్వగంధలో డబ్బు ఉన్నది ఈ ఏరుడులోనే. మొదటి రకం ముక్క ఏడు సెంటీమీటర్ల వరకూ పొడవుండి, ఒకటి, ఒకటిన్నర సెంటీమీటరు మందంతో, పైన నున్నగా, లోపల తెల్లగా, గట్టిగా ఉండాలి. రెండో రకం ఐదు సెంటీమీటర్ల వరకూ, మందం ఒక సెంటీమీటరు. మూడో రకం ఇంకా చిన్నవి, సన్నవి. చివరిది విరిగినవి, పక్కవేళ్లు, లోపల బోలుగా పసుపు తిరిగినవి. పై రకానికీ చివరి రకానికీ ధరలో ఉన్న తేడా చూస్తే, అన్నీ కలిపి ఒకే బస్తాలో పోసి అమ్మేవాణ్ణి చూసి జాలేస్తుంది.

ఏరేటప్పుడు పెద్దమ్మ చేతులు చూడాలి. కళ్లతో కాదు, బొటనవేలితో ఏరుతుంది. ముక్కను దొర్లించి, గోటితో ఒక గీత గీసి, తెల్లగా పొడి రాలితే కుడివైపు, రాలకపోతే ఎడమవైపు. మధ్యలో కోడలి మీద చాడీలు నడుస్తూనే ఉంటాయి, చెయ్యి ఆగదు. నేను కూర్చుని ఒక చేటెడు ఏరేసరికి ఆమె నాలుగు చేటలు ఏరి, నేను ఏరినదాంట్లోంచి మళ్లీ కొన్ని తీసి ఎడమవైపు పడేసేది.

ఎకరాకు ఎండుగడ్డ రెండు క్వింటాళ్ల దరిదాపుల్లో వచ్చింది. వర్షాధారానికి అది మంచి మాటే. యూట్యూబ్‌లో చెప్పే అయిదూ ఆరూ నేను ఎక్కడా చూడలేదు, చూసినవాళ్లనూ కలవలేదు.

అమ్మకం దగ్గర మొదట ఒక వ్యాపారి దిగాడు. విత్తనం వేసేటప్పుడు "మొత్తం నేనే కొంటా, రాసిస్తా" అన్నాడు. సరుకు తయారయ్యాక వచ్చి, ఏరిన బస్తాల్లోంచి నాలుగు ముక్కలు తీసి విరిచి, తేమ ఉందని, మట్టి ఉందని, ఈ ఏడాది మార్కెట్ పడిందని ఒక్కోటీ చెప్పుకుంటూ పోయి, అన్ని రకాలకూ కలిపి మూడో రకం ధర చెప్పాడు. "అన్నా, ఏరకుండా ఇచ్చినా ఇదే ధర కదా?" అంటే నవ్వి ఊరుకున్నాడు. బస్తాలు వెనక్కి ఇంట్లో వేయించాను.

తర్వాత నలుగురైదుగురు రైతులం సరుకు కలిపి మధ్యప్రదేశ్ నీమచ్ మండీకి పంపి, వెనకే ఇద్దరం వెళ్లాం. రత్లాం దాకా ఒక రైలు, అక్కడి నుంచి చిత్తోడ్‌గఢ్ పోయే దారిలో ఇంకో రైలు. నీమచ్, మందసౌర్ ప్రాంతం లైసెన్సు మీద నల్లమందు పండించే చోటు. సర్కారు నల్లమందు ఫ్యాక్టరీ కూడా నీమచ్‌లో ఉంది. మండీలో ఒకవైపు వెల్లుల్లి, ఒకవైపు వాము, మెంతులు, ఇంకోవైపు మూలికలు. మేం కిలో లెక్కన అపురూపంగా చూసుకున్న గడ్డ అక్కడ కుప్పలు కుప్పలుగా నేల మీద పోసి ఉంది. వాళ్లు అస్గంధ్ అంటారు.

వేలం చూస్తే మా దగ్గర వ్యాపారి ఆడిన నాటకమంతా అర్థమైంది. కొనేవాళ్లు గుంపుగా కుప్ప నుంచి కుప్పకు నడుస్తారు. ఒకడు లోపలికి చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు తీస్తాడు, పైన ఉన్నది ఎవరూ చూడరు. ఒక ముక్క విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటాడు, కొస కొరికి నములుతాడు, ఉమ్మేస్తాడు. చేదుగా, కాస్త వగరుగా ఉండి, పంటి కింద పిండిలా నలిగితే ధర పెరుగుతుంది. చెక్కలా పీచు పీచుగా నలిగితే గుంపు ముందుకు నడిచిపోతుంది. మాట తక్కువ. మా బస్తాలు రకాలవారీగా విడివిడిగా పోసి ఉండడంతో మొదటి రకం కుప్ప దగ్గర గుంపు ఆగింది. వచ్చిన ధర ఇక్కడ రాయను, వచ్చే నెలకే అది పాత లెక్క అవుతుంది. ఊళ్లో చెప్పిన ధరకూ దీనికీ ఉన్న తేడాలో లారీ కిరాయి, మా రైలు చార్జీలు పోను కూలీల ఖర్చంతా వచ్చేసింది.

కూలి ఖర్చు మాట వచ్చింది కాబట్టి చెప్తాను. ఈ పంటలో విత్తనం, ఎరువు ఖర్చు దాదాపు లేనట్టే. ఖర్చంతా పీకుడు, కోత, ఏరుడు. అదంతా చేతి పని. మనుషులు దొరకని ఊళ్లో రెండెకరాలకు మించి వేస్తే గడ్డ కళ్లంలోనే పాడవుతుంది. ఇంట్లో నలుగురు పనిచేసే చేతులుంటే లెక్క వేరు.

ఇక నిద్ర పట్టనివాళ్ల ఫోన్లు. మా ఇంట్లో మొదటి రకం గడ్డ ఒక డబ్బా తీసిపెట్టుకున్నాం. అవ్వ పద్ధతిలోనే పాలల్లో ఉడికించి ఎండబెట్టి దంచాం. అమ్మ చలికాలంలో కొన్నాళ్లు వాడింది, నిద్ర బాగుందంది. అది పాల వల్లో, పొడి వల్లో, పంట అమ్ముడుపోయిన నిమ్మళం వల్లో నేను చెప్పలేను. ఒత్తిడి, నిద్ర మీద జరిగిన చిన్న చిన్న అధ్యయనాల్లో కొంత మేలు కనిపించిన మాట వాస్తవం. ఆయుర్వేద ఫార్మకోపియాలో (మందుల ప్రమాణాలు చెప్పే సర్కారు పుస్తకం) చూర్ణం మోతాదు రోజుకు 3 నుంచి 6 గ్రాములు అని ఉంది. అవ్వ మూడు వేళ్ల చిటికెడు అంతకంటే తక్కువే.

కానీ షుగర్ మందు వేసుకునేవాళ్లు, బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వాడేవాళ్లు, థైరాయిడ్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని ముట్టుకోకూడదు. ఇది ఆ మందులతో కలిసి షుగర్‌నీ బీపీనీ ఇంకా దించగలదు, మత్తు పెంచగలదు, థైరాయిడ్ హార్మోన్‌ను ఎక్కువ చేయగలదు. గర్భిణులకు వద్దే వద్దు. లివరు దెబ్బతిన్న కేసులు కూడా బయటి దేశాల్లో నమోదయ్యాయి. 2023లో డెన్మార్క్ దేశం అశ్వగంధ అమ్మకాన్నే నిషేధించింది. మూలిక కదా, చెడు చేయదులే అన్న మాట నాకు నచ్చదు. పని చేసే ఏ పదార్థమైనా ఎక్కడో ఒకచోట చెడు కూడా చేయగలదు. నేను పండించాను కాబట్టి నన్ను అడుగుతారు గానీ, వేరుశనగ పండించినన్నాళ్లూ కొలెస్ట్రాల్ గురించి నన్నెవరూ అడగలేదు.

ఆకు సంగతి ఇంకోటి. 2021లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ మందుల తయారీదారులకు ఒక సూచన పంపింది: అశ్వగంధ ఆకు వాడొద్దు, గడ్డ మాత్రమే వాడండి అని. విథాఫెరిన్-ఎ అనే పదార్థం ఆకులో వేరులో కంటే చాలా ఎక్కువ. అది కణాల మీద గట్టిగా పనిచేస్తుంది, వాటిని దెబ్బతీయగలదు. సంప్రదాయంలో లోపలికి వాడినది వేరునే. ఆకు చవక, కోత సులువు, ఎకరాకు బోలెడంత వస్తుంది కాబట్టి కొందరు ఆకు సారాన్ని వేరు సారమని అమ్ముతున్నారన్న ఫిర్యాదులున్నాయి. గడ్డ అమ్ముడయ్యాక ఒకతను నా దగ్గరికి వచ్చి ఎండిన ఆకు, కాండం కూడా కిలోల లెక్కన కొంటానన్నాడు. ఏం చేస్తావన్నా అంటే "మీకెందుకు సార్, రైతుకు డబ్బు కదా" అన్నాడు. ఆకు, కాండం చేనులోనే దున్నించేశాను. కాళ్లూ చేతులూ నొప్పి పుట్టేలా పెద్దమ్మ వాళ్లు తెల్లటి గడ్డ ఏరింది చివరికి ఎవడో దాంట్లో ఆకు పొడి కలపడానికా?

కొనేవాళ్లు పొడి కంటే ఎండుముక్క కొనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం. ముక్కను విరిచి చూడొచ్చు, వాసన చూడొచ్చు, తెలుపు చూడొచ్చు. పొడిలో ఏముందో దంచినవాడికి తప్ప తెలియదు. మిక్సీలో వేసేముందు సుత్తితో చితక్కొడితే చాలు, సన్నగా నలుగుతుంది.

ఈ ఏడాది ఒక ఎకరంలోనే వేస్తున్నాను, మిగతాది వేరుశనగా కందీ. ధర ఒక ఏడు బాగుంటే అందరూ వేస్తారు, మరుసటేడు పడుతుంది. ఏటా మంచి ధర వస్తుందన్న భ్రమ నీమచ్‌లో కుప్పలు చూశాక పోయింది. చేను ఒక అంచున ఒత్తుగా కాసిన మొక్కల్ని పీకకుండా వదిలి, కాయ పూర్తిగా ఎర్రబడ్డాక కోసి, ఎండబెట్టి, నలిపి, చెరిగి విత్తనం తీశాం. నాకు సరిపోను కొంత మిగిలింది. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు రైతులు ఎవరైనా అర ఎకరం వేసి చూద్దామనుకుంటే ఆ మిగిలింది ఇస్తాను. ఆగస్టు లోపే వాడేయాలి, వచ్చే ఏడాదికి దాచుకుంటామంటే మాత్రం ఇవ్వను, సరిగా మొలవదు. తీసుకునేముందు మీ ఊళ్లో గడ్డ ఏరడానికి ఎంతమంది దొరుకుతారో కనుక్కుని రండి.